నానా అంటే ఏడు

లింగరాజపురంలో మా హాస్టలు మేడ మీద
నాలుగూ ముప్పావుకి గంట కొడతారు.
దుప్పటి మడిచేలోగా
నిన్నటి ముప్పై జపాను మాటల్లో పదకొండు జారిపోయి ఉంటాయి.
మిగిలినవాటిని బుగ్గన పెట్టుకునే
మోకాళ్ళ మీదికి దిగుతాను.

మంగళవారం నీళ్ళ ట్యాంకరు.
బుధవారం నా వంతు ఉల్లిపాయలు.
అలమర తలుపుకి మెతుకులతో అంటించిన అక్షరాల కాగితాన్ని
చీమలు నాకంటే ముందు చదివేశాయి.
'ను'కీ 'మే'కీ తేడా తోక చివర ఒక్క చుట్టు.
అది దేనికో
పోపు మాడేదాకా గుర్తు రాలేదు.

గళ్ళ పుస్తకం కొనబోతే
షాపాయన కన్నడంలో అడిగాడు,
"మగు ఎష్టనే క్లాసు?"
ఇరవై మూడేళ్ళ ఆ పాపని నేనేనని చెప్పలేక
"ఒందు" అన్నాను.
రబ్బరొకటి ఊరికే ఇచ్చాడు.

శనివారం ఇద్దరిద్దరం వీధుల్లోకి.
తలుపు తీయగానే నడుము దాకా వంగాలి,
ఏప్రిల్లో అక్కడ వంగాలి గనక ఇక్కడే అలవాటు కావాలట.
ఒక ముసలామె, ఏం పారేసుకున్నావమ్మా అంటూ
తనూ వంగి గడప చుట్టూ వెతికింది.

ఇకుయో సెన్సెయ్‌కి ల పలకదు.
సలోమిని, ఆవిడ గదిలో సరోమిని.
ఇక్కడి ఇంజనీరుని చేసుకుని
ఇరవయ్యేళ్ళుగా కుక్‌టౌన్‌లో కాపురం.
ఏ దేవుడికీ మొక్కదు.
ఏడాదికోసారి వెళ్ళి అమ్మమ్మ సమాధిరాయి మీద నీళ్ళు పోసి
నాచు తోమి వస్తుందట, బ్రష్షు ఇక్కణ్ణుంచే పట్టుకెళుతుంది.

బాన్‌రిది షిల్లాంగు. వాళ్ళ మాటలో క్రియ ముందే దూకుతుందట,
చివరిదాకా ఆగలేక వాక్యం మధ్యలో పెన్ను విసిరేస్తుంది.
నాకదేం కొత్త?
చీరాలలో మా నాన్న మాటా అంతే.
వస్తాడో రాడో
ఆఖర్న గాని తేలదు.

కామి అంటే దేవుడు. కామి అంటే కాగితం.
వెంట్రుక కూడా కామే.
మొదటి అక్షరం ఎత్తి పలికితే దేవుడు,
దించి లేపితే మిగతా రెండూ.
మొన్న ప్రార్థన అప్పజెబుతూ గొంతు తప్పాను.
"కాగితమా, నీకు స్తోత్రం" అయ్యిందట,
సెన్సెయ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
ఆ రాత్రి తల దువ్వుకున్నాక
దువ్వెనలో చిక్కిన ఉండని పారేయడానికి
ఎందుకో చెయ్యి రాలేదు.

ఆదివారం రాత్రి నాన్న ఫోను.
అమ్మ నన్ను మందిరానికి తీసుకెళ్ళే రోజుల్లో
గేటు బయట సైకిలుకి స్టాండు వేసి
బీడీ కాలుస్తూ ఉండేవాడు.
లోపలికి ఒక్కనాడూ రాలేదు,
మమ్మల్ని వదిలి పోనూ లేదు.
"అక్కడోళ్ళకి దేవుడు లేడంటమ్మా?"
పోయిన వారం అడిగాడు.
సిగ్నలు లేదని పెట్టేశాను.
గీతలు నాలుగూ ఉన్నాయి.

ఈ వారం ఆ ఊసెత్తలేదు.
"ఏదీ, నేర్చింది చెప్పు" అన్నాడు.
ట్యాంకు పక్కన నిలబడి అంకెలు చెప్పాను.
ఇచి, ని, సాన్, యోన్, గో, రోకు, నానా.
"ఏంటీ?"
"నానా అంటే ఏడు."
"నేనంటే ఏడుపా!"
నవ్వబోతే దగ్గొచ్చింది, మగ్గం గుంటలో కూర్చునే దగ్గు.
ఆ భాషలో నాకు అంటే ఏడవడమని
చెప్పబుద్ధి కాలేదు.

"తర్వాతో?"
"హాచి."
"చిరంజీవ!" అన్నాడు టక్కున,
చిన్నప్పుడు నేను తుమ్మినప్పుడల్లా అన్నట్టే.
తుమ్ము కాదు నాన్నా, ఎనిమిది
అనబోయి
తల వంచుకున్నాను.

కింద ఎవరో లైట్లార్పే గంట కొట్టారు.
తొమ్మిదీ పదీ
అలాగే ఉండిపోయాయి.